నీడ సారు తీసిన మట్టి

ఆ ఉదయం కూడా నీడ సారు గట్టు దిగలేదు. చెట్టు కింద గోనెపట్టా పరుచుకుని, దాని పక్కనే ఒక గుంట తవ్వి, ఆ ఒక్క గుంటలోంచే నాలుగు సంచులు నింపాడు. సంచికో రైతు పేరు చొప్పున చీటీలు కట్టి, నలుగురి పొలాలూ తిరిగొచ్చినవాడిలా ఉస్సురంటూ మొహం తుడుచుకున్నాడు.

మట్టి పరీక్షల ఆఫీసులో ఇరవై తొమ్మిదేళ్లుగా అతని ఉద్యోగం ఇదే. పొలమంతా వంకరటింకరగా నడవాలి. పది చోట్ల పైచెత్త పక్కకి నెట్టి, జానెడు లోతు తవ్వి, ఆ మట్టంతా కలిపి, అందులోంచి అర కిలో సంచికెత్తాలి. అలా ఎత్తితేనే అది ఆ పొలం మట్టి అవుతుంది. ఆ చాకిరీ అతను ఉద్యోగంలో చేరిన మొదటి వారం చేశాడు. రెండో వారానికి నీడ దొరికింది. తోటి గుమాస్తాలు పెట్టిన పేరది, అసలు పేరుని మింగేసింది.

పుట్టుకే అంత. చిన్నప్పుడు నీళ్లు తెమ్మంటే బిందె తళతళా తోమిపెట్టేవాడు, మోసేది చెల్లెలు. పెళ్లాం చివరి రోజుల్లో ఆసుపత్రి వరండాలో చల్లని చోటు చూసుకుని కునుకు తీశాడని బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. చెడ్డవాడు కాదు పాపం, చెడ్డతనానికి కూడా నడుం వంచాలిగా.

నోటికి మాత్రం బద్ధకం లేదు. ఏటికేడు ఎండలు ముదురుతున్నాయనీ, మట్టిలో దాచుకోవలసిన కర్బనాన్ని మనమే తగలబెట్టి గాలికి వదులుతున్నామనీ మీటింగుల్లో మైకు పట్టుకుని చెబితే పెద్ద ఆఫీసరు కూడా తలూపేవాడు. మాటలు కోటలు దాటేవి, కాలు గట్టు దాటేది కాదు.

ఆ మాటలు నమ్మిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. అతని చెల్లెలు. కౌలుకి తీసుకున్న రెండెకరాల్లో నాలుగేళ్లుగా ఆమె గడ్డి పరక తగలబెట్టలేదు. కోసిన చోటే మోళ్లు వదిలేసింది, నేలమీద గడ్డి కప్పింది, పంటకీ పంటకీ మధ్య పచ్చిరొట్ట విత్తనాలు చల్లి, పెరిగాక అక్కడే కలియదున్నింది. ఇరుగుపొరుగు నవ్వారు. కిందటేడు కుండపోతగా పడ్డ వానకి వాళ్ల మట్టి కాలవలో కలిస్తే, ఆమె పొలం నీళ్లన్నీ గటగటా తాగి ఊరుకుంది. అప్పటినుంచి నవ్వడం మానేశారు.

ఇప్పుడా పొలం మీద ఇటుకబట్టీవాడి కన్ను పడింది. మూడడుగుల పైమట్టి గీక్కుపోతానంటాడు. భూమి యజమాని ఎటూ తేల్చక, మట్టి బాగుపడిందని పరీక్ష కార్డులో వస్తే కౌలు కొనసాగిస్తాననీ, లేకపోతే బట్టీకిచ్చేస్తాననీ చెప్పాడు. అక్కడికక్కడే మట్టి పరీక్షించి కార్డు ఇచ్చే వ్యాను ఊళ్లోకొచ్చే రోజు కూడా ఇదే.

ఆ నాలుగు సంచులయ్యాక నీడ సారు వచ్చింది ఈ పొలానికే. మట్టి తీసేది అన్నయ్యే అని తెలిసి చెల్లెలికి గుండె మీంచి బరువు దిగినట్లయింది. టీ తెస్తానని పాకలోకి వెళ్లింది.

ఆ రెండెకరాల్లో నీడ ఒక్క మూలే ఉంది. బళ్లు తిరిగే మూల. చక్రాల కింద నలిగి, పక్క పొలంవాళ్లు గడ్డి తగలబెట్టిన మంటలకి కాలి, పెంకులా గట్టిపడ్డ నేల. ఆమె టీ తెచ్చేసరికి ఆ మూలనే సంచి మూతి కట్టేసి ఉంది.

"అప్పుడే అయిపోయిందా అన్నయ్యా? పది చోట్లా?"

"చెయ్యి తిరిగినవాడికి ఎంతసేపే," అన్నాడు, టీ ఊదుకుంటూ.

మధ్యాహ్నానికి వ్యానులోంచి కార్డు వచ్చింది. కర్బనం దగ్గర 'చాలా తక్కువ' అని ఉంది. ఆమె రెండుసార్లు చదివింది. కార్డు మీంచి చూపు దించి అతని పాదాల వైపు చూసింది.

"అన్నయ్యా, మా పొలంలోకి ఎవరు దిగినా చెప్పులకి ఇంత మందాన మట్టి అంటుకుంటుంది. నీ చెప్పులు కడిగినట్టున్నాయే."

అతను చెప్పులు గోనెపట్టా మీదకి లాక్కున్నాడు. వ్యాను ఇంకా అక్కడే ఉంది. మళ్లీ తీస్తానంటే గంట పని. యజమాని కూడా మనసు పీకిందేమో, దగ్గరికొచ్చి అడిగాడు.

"సారూ, సరిగ్గానే తీశారా?"

చుట్టూ పదిమంది ఉన్నారు. డ్రైవరు ఉన్నాడు, ఆఫీసరు ఉన్నాడు. నీడ సారు గొంతు సవరించుకున్నాడు.

"పది చోట్లా తీశానండీ."

యజమాని ఫోను తీసి బట్టీవాడికి చెప్పేశాడు. చెల్లెలు పార, గంపా పట్టుకుని, గొడ్డుని తోలుకుని, అన్న ముందునుంచే రోడ్డెక్కింది. ఆమె మళ్లీ అతని గడప తొక్కలేదు. పిలవడానికి అతనూ కదల్లేదు.

పొద్దు వాలుతుంటే, ఎటూ నీడ పరుచుకుంది కదా అని, అతను మొదటిసారి ఆ పొలంలోకి దిగాడు. నాలుగడుగులు వేసేసరికి చెప్పులు బరువెక్కాయి. విసుక్కుని, ఒక మోడుకేసి రాసి మట్టి వదిలించుకుని వెనక్కి వెళ్లిపోయాడు.

పొలం నడుమ, ఆ సాయంత్రం చల్లుకోవాలని ఆమె నానేసి తెచ్చుకున్న విత్తనాల మూట ఉండిపోయింది. తడిగుడ్డ నేతలోంచి తెల్లటి మొలకలు అప్పుడే ముక్కులు బయటపెడుతున్నాయి.