పదకొండు బిళ్ళలు

గనులు మూతపడిన ఊళ్ళల్లో పాత రాతి కట్టడాలను వెతికి పట్టుకుని ఫోటోలు తీయడం అతని ఉద్యోగం. వాటిని చూసే ఏది ఉంచాలో, ఏది కూల్చాలో పైవాళ్ళు తేలుస్తారు. అతని ఫోటోల్లో చీపురు, చెప్పు, ఆరేసిన తువ్వాలు ఏదీ పడకూడదు. రాయి ఒక్కటే కనపడాలి. "నా ఫోటో పక్కన వివరాలు రాయడం దండగ" అని ఆఫీసులో మీసం మెలేసేవాడు కూడా. ఆ గొప్పే కొంప ముంచింది.

మూడు రోజులు చెప్పులరిగేలా తిరిగితే ముళ్ళపొదల వెనక దీపాల గది దొరికింది. నల్లరాతి గోడలు, ఒకటే కిటికీ. ఒకప్పుడు గనిలోకి దిగేవాళ్ళకి దీపాలిచ్చిన ముసలాయన ఇంకా అక్కడే కాపలా ఉన్నాడు.

"ఏం నాయనా, గోడని కొరుక్కుతినేలా చూస్తున్నావ్? ఆకలేస్తోందా?"

"నచ్చింది తాతా. దీన్ని ఎలాగైనా బతికిద్దాం."

లోపల గోడ నిండా మేకులు. పదకొండింటికి మాత్రం రేకు బిళ్ళలు వేలాడుతున్నాయి. గనిలోకి దిగేవాడు తన బిళ్ళ మేకుకి తగిలించి దీపం పట్టుకెళ్ళాలి. పైకొచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ళ తీసుకోవాలి. గని కూలిన రోజు పదకొండుమంది పైకి రాలేదు. శవాలూ దొరకలేదు, గని నోరు అలాగే మూసేశారు. మూడో వరసలో చివరి బిళ్ళ ముసలాయన తమ్ముడిది.

"ఇవి తీసెయ్ తాతా, గోడ శుభ్రంగా పడాలి."

"పైకొచ్చినవాడే తీసుకోవాలి గదా నాయనా."

"గది నిలవాలా వద్దా? ఫోటో బాగుంటేనే నిలుస్తుంది. పూచీ నాది."

ముసలాయన ఒక్కొక్కటే తీశాడు. తమ్ముడి బిళ్ళ అన్నిటికన్నా చివర తీశాడు. ఫోటో అద్భుతంగా వచ్చింది. పని అయ్యాక మళ్ళీ తగిలించమంటే ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"తగిలిస్తే మళ్ళీ గనిలోకి దింపినట్టే. ఆ పాపం నావల్ల కాదు" అని జేబులో వేసుకున్నాడు.

నెలన్నరకి ఫైలు తిరిగొచ్చింది. ఫోటో కింద మూడే ముక్కలు: "ఖాళీ గది. చారిత్రక ఆనవాళ్ళు లేవు. కూల్చవచ్చు." అతను అధికారి దగ్గరికి పరుగెత్తి బిళ్ళల సంగతంతా చెప్పుకున్నాడు.

"ఏవయ్యా, ఫోటోలో చూపించు" అన్నాడాయన.

బిళ్ళలున్న ఫోటో అతని దగ్గర ఒక్కటీ లేదు.

మర్నాడు తొలి బస్సు పట్టుకుని వెళ్ళేసరికి అంతా అయిపోయింది. నల్లరాళ్ళను లారీకెత్తుతున్నారు. మిగిలిన కుప్ప మీద ముసలాయన కూర్చుని ఉన్నాడు. తిడతాడనుకున్నాడు అతను. తిట్టినా బాగుండేది. ముసలాయన జేబులోంచి ఒక బిళ్ళ తీసి అతని ముందుకు చాపాడు.

"నువ్వు తియ్యమంటే తీశాను నాయనా. బిళ్ళ తీస్తే మనిషి పైకొచ్చినట్టే గదా. అప్పట్నుంచీ రోజూ గుమ్మంలోనే కూర్చున్నా. తమ్ముడు రాలేదు. పోనీ మళ్ళీ తగిలిద్దామంటే మేకే లేదు."

ముసలాయన బిళ్ళని పంచె అంచుతో తుడిచి అడిగాడు.

"ఇప్పుడు వాడు పైనున్నట్టా, కిందున్నట్టా?"