ఇరవై మూటల కనుమ

బండి బలాన్ని మగవాళ్లు గుర్రాల్లో చెబుతారు. నేను ఉల్లిగడ్డ మూటల్లో చెబుతాను. మా పాత డీజిల్ జీపు మంచి వయసులో ఉన్నప్పుడు ఇరవై మూటలతో, మా ఆయనతో, నాతో, రెండు బుట్టల క్యారెట్లతో వైరఖాసా కనుమ ఎక్కేది. కిందటేడు పదిహేనుకు దిగింది. ఈ ఏడు పన్నెండుకే రొప్పింది. గడిచిన రెండు ఆదివారాలు ఎనిమిది మూటలతో బయలుదేరి, మూడో మలుపు దగ్గర నల్లటి పొగలో నిలబడిపోయి, ఉన్న సరుకంతా ఉన్నట్టే లోయలోకి దింపుకొచ్చాం.

కనుమకు అవతల చల్లవిరి అనే గని ఊరుంది. ఆదివారం సంత అక్కడే. చర్చి మూల మీది స్థలం మా అమ్మది, ఆమె తర్వాత నాది. ఎండ మొదట పడేది అక్కడే, గనివాళ్ల పెళ్లాలు మొదట అడుగు పెట్టేదీ అక్కడే. సంత సంఘానికి ఒక కట్టుబాటు ఉంది. పది గంటలకు కార్యదర్శి హాజరు చదువుతాడు. పేరు పిలిచినప్పుడు మనిషి తన స్థలంలో సరుకు పరుచుకుని ఉండాలి. వరసగా మూడుసార్లు పలకకపోతే స్థలం వేరొకరికి పోతుంది. జ్వరమన్నా వినరు, బండి చెడిందన్నా వినరు. ఆ కట్టుబాటుకు నేనూ చెయ్యెత్తాను. అప్పట్లో నా జీపు ఇరవై మూటలు మోసేది.

మూడో ఆదివారం రేపనగా, శనివారం పొద్దున్నే మెకానిక్ నెమెసియో షెడ్డుకు వెళ్లాం. బండి తోలేది మా ఆయన ఇలారియోన్. బేరం నాది.

"దోన్ నెమెసియో, ఇంజనులోకి గాలి కూరే టర్బో, తుక్కు బండిలోంచి తీసింది, ఒకటి నీ దగ్గరుందట కదా," అన్నాను.

"ఉంది, దోన్యా సబీనా."

"ఇవాళే బిగించు. రెండు మూటల ఎండు బంగాళాదుంప, ఒక గొర్రె ఇస్తా."

"గొర్రె లావుగా ఉంటుందా?"

"నీ అంత ఉండదు."

అతను పొట్ట తడుముకుని నవ్వి, బండి స్టార్ట్ చేయమన్నాడు. షెడ్డు సగం నల్లబడింది. మా ఆయన గర్వంగా పంపు వైపు చూపించాడు.

"డీజిల్ ఎక్కువ పోయేలా స్క్రూ తిప్పుతూనే ఉన్నా, అన్నా. ఇప్పటికి రెండున్నర చుట్లు. చూడు, పొగ ఎంత బలంగా వస్తోందో!"

"పొగ బలంగానే వస్తోంది. బండే రావట్లేదు," అన్నాడు నెమెసియో. "దోన్యా, ఇలా రండి. దీని ముక్కు మీద చెయ్యి పెట్టండి."

బానెట్ పక్కనుంచి అద్దం వెంట పైకి లేచే గాలి గొట్టాన్ని మేం ముక్కు అంటాం. దాని మూతి మీద అరచెయ్యి పెట్టాను. ఇంజను అంత గోల పెడుతున్నా, చేతికి తగిలిన పీలుపు పళ్లులేని ముసలాడు సూపు జుర్రినంత కూడా లేదు.

"చెయ్యి లాక్కోలేనంతగా పీల్చాలది," అన్నాడు నెమెసియో. "కనుమ మీద అసలే గాలి పలచన. ఆ కాస్త గాలి కూడా లోపలికి పోవట్లేదు. గాలి లేని చోట మీ ఆయన డీజిల్ పోస్తున్నాడు. కాలని డీజిల్ అంతా ఇలా పొగై పోతోంది."

"ఫిల్టర్ శుభ్రంగానే ఉంది! వారం వారం రాతికేసి దులుపుతా," అని మా ఆయన రోషపడ్డాడు.

ఫిల్టర్ తీసి చూశారు. నిజంగానే ఫరవాలేదు. నెమెసియో గొట్టం విప్పి, చక్రం పై రేకు వెనకాల అది వంపు తిరిగేచోట మోచేతిదాకా చెయ్యి దూర్చాడు. మొహం చిట్లించాడు. ఏదో పట్టుకుని లాగాడు, రాలేదు. ఇనుప ఊచతో పొడిచి మళ్లీ లాగాడు. రొట్టె అంత ముద్ద బయటికొచ్చింది. గులాబీ, పసుపు, ఆకుపచ్చ రంగు కాగితం ముక్కలు, ఎండిన పూరేకులు, అన్నీ బీరులో నాని గట్టిపడి ఇటుకలా అయ్యాయి. దాని వెనక ఇంకోటి. దాని వెనక మరోటి.

నెమెసియో మూడింటినీ టైరు మీద వరసగా పేర్చాడు.

"ఇదేంటి, దోన్ ఇలారియోన్? ఈ బండి పెళ్లికూతుర్ని గానీ మింగిందా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను షెడ్డు కప్పు వైపు చూశాను.

కార్నివాల్ మంగళవారం అందరూ బండికి పండుగ చేస్తారు. రంగు కాగితాలు చల్లుతారు, బీరు పోస్తారు, భూమాతకు పెట్టి బండిని చల్లగా చూడమంటారు. అందరూ టైర్ల మీద పోస్తారు, బానెట్ మీద చల్లుతారు. టైరు మీద పోసిందంతా నేలపాలు, బానెట్ మీద చల్లిందంతా గాలిపాలు అనిపించేది నాకు. ముక్కులో పోస్తే చుక్క వృథా కాకుండా లోపలికే పోతుంది కదా అని లెక్క వేశాను. నాలుగేళ్లుగా ఏడాదికో గంపెడు కాగితం, సీసాడు బీరు ముక్కులోనే పోశాను. బండి నీరసపడిన కొద్దీ ఇంకాస్త ఎక్కువ పోశాను. పొదుపు చేశాననుకున్న ప్రతి పిడికెడూ నాకు ఒక మూట బలం తీసేసింది.

"నేనే," అన్నాను.

నెమెసియో స్టూలు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. మా ఆయన నవ్వకుండా ఉండటానికి పెదవి కొరుక్కున్నాడు.

"ఇక చాలు. టర్బో ఎప్పుడు బిగిస్తావ్?" అన్నాను.

"ఊపిరాడని మనిషి నోటికి బూరా ఇస్తారా, దోన్యా? ముందు దీన్ని సొంతంగా పీల్చనివ్వండి. ఆ తర్వాత కావాలంటే చెప్పండి."

టర్బో అమ్ముకునే అవకాశం చేతిలో ఉండగా వద్దన్న మెకానిక్‌ను నేను అదే మొదటిసారి చూడటం. అలాంటివాడితో బేరమాడటం కష్టం.

సాయంత్రందాకా పని జరిగింది. కొత్త ఫిల్టర్ పడింది. వాల్వుల సందు సరిచేశాడు. పంపును వెంట్రుకవాసి తిప్పి, డీజిల్ ఒక్క క్షణం ముందుగా పడేలా చేశాడు. ఈ ఎత్తులో అది ఆలస్యంగా అంటుకుంటుందట. స్క్రూను రెండున్నర చుట్లూ వెనక్కి తిప్పేసి, ఇంకో పావు చుట్టు కూడా తిప్పాడు. తిప్పిన ప్రతిసారీ మా ఆయన పన్ను పీకించుకుంటున్నవాడిలా మూలిగాడు.

అప్పుడు నా కన్ను ముందు కమ్మీల మీద పడింది. గని రైలు పట్టాలు కోసి మా ఆయన స్వయంగా వెల్డింగ్ చేయించుకున్న బంపరది. దాన్ని విప్పించి నెమెసియో కాటాకు వేలాడదీశాను. మూటన్నర ఉల్లిగడ్డల బరువు తూగింది.

"ఇదెవరి సరుకు? కిరాయి ఎవరిస్తున్నారు?" అన్నాను.

"అది లేకపోతే బండికి మొహమే ఉండదే!"

"రేపు కనుమ ఎక్కకపోతే నీకూ నాకూ ఉండదు."

ఆ ఇనుము నెమెసియోకు నచ్చింది. మజూరీ కింద అదీ, ఒక మూట ఎండు దుంపా అని తేల్చాను.

"మరి గొర్రె?" అన్నాడు.

"గొర్రె టర్బోకి అనుకున్నాం. నీ టర్బో నీ దగ్గరుంది, నా గొర్రె నా దగ్గరుంది."

ఆదివారం తెల్లవారగానే మూటలు ఎక్కించాం. మా ఆయన ఎనిమిది చాలన్నాడు. హాజరుకు ఒక్కటైనా చాలు, నిజమే. కానీ రెండు వారాలు కనపడని మనిషి ఎనిమిది మూటలతో వస్తే, వచ్చినవాళ్లు సగంలోనే ఇంకో అంగడికి పోతారు. ఇరవై వేస్తే, పొరపాటున ఆగితే, స్థలమే పోతుంది. పద్నాలుగు వేయించాను.

మొదటి మలుపు. రెండో మలుపు. గేరు దించనే లేదు. నా గుండె మాత్రం ఒక గేరు పెరిగింది. మూడో మలుపు వచ్చింది. మా చక్రాలు తవ్విన గుంట ఇంకా అక్కడే ఉంది. జీపు ఆ గుంట మీదుగా దూకి, ఏమీ ఎరగనట్టు పైకి పోయింది!

"ఎక్కింది! ఎక్కిందే!" అని స్టీరింగ్ మీద చరిచాడు మా ఆయన. వెంటనే అద్దంలో వెనక్కి చూసి బెంబేలెత్తాడు. "సబీనా, పొగ రావట్లేదు! ఏదో అయింది. ఆపి కొంచెం స్క్రూ తిప్పుతా."

డ్యాష్‌బోర్డు మీది స్క్రూడ్రైవర్ తీసి నా పావడా కింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాను.

"ఇప్పుడు తీసుకో చూద్దాం."

ఐదో మలుపులో చల్లవిరి బస్సు కనిపించింది. రెండు వారాలూ మమ్మల్ని దాటిపోతూ, కండక్టర్ తలుపులోంచి తల బయటపెట్టి "తోయమంటారా, అమ్మా?" అని వెక్కిరించిన బస్సు అదే. వాడు ఇప్పుడూ తలుపు పట్టుకుని వేలాడుతున్నాడు. మేం పక్కకొచ్చేసరికి తల లోపలికి లాక్కున్నాడు.

"తాడు ఇవ్వనా, నాయనా? లాగుతాం!" అని అరిచాను. బస్సులోని జనమంతా మా తరఫున ఈలలు వేశారు. మా ఆయన హారన్ మీంచి చెయ్యి తీయలేదు.

కనుమ శిఖరాన రాళ్ల గుట్ట దగ్గర ప్రతి బండీ ఆగుతుంది. దిగి రాయి పెట్టి, భూమాతకు నాలుగు చుక్కల బీరు పోయాలి. గడియారం తొమ్మిది నలభై చూపిస్తోంది. బండి నెమ్మదింపజేసి, కిటికీలోంచే నాలుగు చుక్కలు పోశాను, ఈసారి నేల మీదే. "తల్లీ, వెనక్కి వచ్చేటప్పుడు తీరిగ్గా కూర్చుంటాం," అని చెప్పుకున్నాను.

చల్లవిరి వీధిలోకి వచ్చేసరికి హాజరు మొదలైందని కార్యదర్శి ఈల వినిపించింది. జనం మధ్య జీపు కదలదు. ఒక మూట వీపున కట్టుకుని దిగి పరిగెత్తాను. ఈ ఎత్తులో మూటతో పరిగెత్తితే ఊపిరి ఎంత ఖరీదైనదో తెలుస్తుంది. జీపు నాలుగేళ్లు ఏం అనుభవించిందో నా ఛాతీకి అర్థమైంది.

మా మూల మీద హుస్తా కూర్చుని ఉంది, టమాటాలు గుట్టలుగా పోసుకుని. హుస్తా నాకు కొమాద్రె, బిడ్డ వరసన కలిసిన చుట్టం. మా చిన్నదానికి పుట్టు జుట్టు తీసింది ఆమే. సంతలో ఆమె స్థలం చిట్టచివర, గాడిదలు కట్టేచోట.

"కొమాద్రె, నువ్వు రావనుకున్నా," అంది.

"నేనూ అదే అనుకున్నా. లే."

"ఈ మూలలో సగం నాకివ్వరాదూ?"

"ఇవాళ సగమిస్తే రేపటికి నీకు మొత్తం కావాలి. నేనే అయితే అడిగేదాన్ని. లే, కొమాద్రె, కార్యదర్శి మన వరసలోకి వచ్చేశాడు."

ఆమె నిట్టూర్చి టమాటాల కింది దుప్పటి రెండు మూలలు పట్టుకుంది. మిగతా రెండూ నేను పట్టాను, తొందరగా కదలాలిగా. టమాటాలు పక్కకు జరిగాయో లేదో మూట మూతి విప్పి ఉల్లిగడ్డలు కుమ్మరించాను. సగం దొర్లుకుంటూ పోయాయి. పోనీ అని మిగతావాటి మధ్యలో చతికిలబడ్డాను.

"కల్లిసాయా సబీనా!" అని ఇంటిపేరుతో సహా పిలిచాడు కార్యదర్శి.

"ఉన్నా!"

ఆ కేకకు పావురాలు లేచాయి. కార్యదర్శి పుస్తకంలోంచి తలెత్తి చెవి రుద్దుకున్నాడు.

"అంత గట్టిగా ఎందుకు, దోన్యా? ఎదురుగానే ఉన్నాగా."

"పోయిన రెండు వారాలవీ కలిపి పలికానయ్యా. గీత గట్టిగా పెట్టు."