సుభానీ మేస్త్రి చెవి

నేను ఒక స్క్రూడ్రైవర్ని. అయితే స్క్రూలు తిప్పిన రోజులు నా బతుకులో తక్కువే. నా అసలు పని వినడం. ఇంజిన్ నడుస్తుండగా నా మొన దాని మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే, లోపల ఏ ముక్క ఏం చేస్తోందో మనిషికి చేరవేస్తాను. డాక్టరు మెడలో వేలాడే గొట్టానికున్న మర్యాద మాత్రం నాకు లేదు. పనయ్యాక కిరసనాయిలు గుడ్డతో తుడిచి మేకుకి తగిలిస్తారు, అంతే.

నేను పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో. అంతకు ముందు ఒక స్కూటరు షాకబ్జార్బరులో కడ్డీగా ఉండేవాణ్ణి. ఆ స్కూటరు తుక్కులో పడ్డాక రత్తయ్య మేస్త్రి నన్ను ఏరుకొచ్చి, లేతు పట్టించి, మొన సాగగొట్టించి, తుమ్మచెక్క పిడి వేయించాడు. పిడితో కలిపి పద్నాలుగు అంగుళాలు. "ఇంత పొడుగెందుకు మేస్త్రీ, దీనికి కోడిని గుచ్చి కాలుస్తావా?" అని లేతు పనివాడు ఎగతాళి చేశాడు. అప్పుడు నాకు చిన్నతనంగా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

రత్తయ్యది పాత కార్ల షెడ్డు. ఫియట్లు, అంబాసిడర్లు, పేరు పలకడానికి నోరు తిరగని విలాయతీ బళ్లు కూడా వచ్చేవి. షెడ్డులో మూడు కాళ్ల స్టూలు ఒకటి ఉండేది. బండి తెచ్చినవాళ్లని ముందు దాని మీద కూర్చోబెట్టేవాడు. ఎప్పుడు మొదలైంది, ఎంత దూరం పోయాక, ఎత్తు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, కాసేపు ఆపి మళ్లీ బయల్దేరితే ఎలా ఉంది, ఇలా అన్నీ అడిగేవాడు. అది పూర్తయ్యేదాకా బానెట్ ఎత్తేవాడు కాదు, నన్ను మేకు మీంచి తీసేవాడూ కాదు. "నేను బండి బాగుచేయించుకోడానికొచ్చానా, కోర్టులో సాక్ష్యానికొచ్చానా?" అని విసుక్కున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

అలా విసుక్కున్నవాళ్లలో ఒక ప్లీడరుగారి సంగతి చెబుతాను. ఆయన కారు, పక్కన భార్య కూర్చుంటేనే ఆగిపోయేది. ఒక్కడే వెళ్తే గుర్రంలా పరుగెత్తేది. మూడు షెడ్లలో ఇంజిన్ విప్పించుకున్నాడు. రత్తయ్య ఆయన్ని స్టూలు మీద అరగంట కూర్చోబెట్టి, చివరికి "అమ్మగారు చేతిసంచీ ఎక్కడ పెడతారు?" అని అడిగాడు. డాష్‌బోర్డు మీదున్న గుండీకి తగిలిస్తుందన్నాడాయన. ఆ గుండీ చోక్‌ది. సంచీ బరువుకి అది మెల్లగా బయటికి జారేది, ఇంజిన్ పెట్రోలు తాగి తాగి ఉక్కిరిబిక్కిరయ్యేది. ఆ రోజు నాతో పనే పడలేదు. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

రత్తయ్య ముసలివాడై పని మానేస్తూ, పద్దెనిమిదేళ్లు తన దగ్గర చేసిన సుభానీ చేతిలో నన్ను పెట్టాడు. "ముందు మనిషిని ఇను. తర్వాత దీంతో ఇంజిన్ని ఇను" అన్నాడు. సుభానీ నన్ను కళ్లకద్దుకున్నాడు.

సుభానీ చెవి గురించి ఎంత చెప్పినా తక్కువే. నేను తెచ్చే చప్పుడులో ట్యాపెట్ వదులుని, బేరింగ్ అరుగుదలని, పిస్టన్ పిన్ను ఊగులాటని విడివిడిగా పట్టుకునేవాడు. గుంటూరు నుంచి, ఏలూరు నుంచి కూడా కార్లు వెతుక్కుంటూ వచ్చేవి. కానీ మా షెడ్డు పక్కనే టింకరింగ్ షెడ్డు. పొద్దుట మొదలుపెడితే సాయంత్రం దాకా రేకు మీద సుత్తి దెబ్బలే. ఇరవై ఏళ్ల దెబ్బలు ఊరికే పోవు కదా. ఒకరోజు సుభానీ నన్ను కుడి చెవి నుంచి ఎడమ చెవికి మార్చాడు. కొన్నేళ్లకి చెవి వెనక ఎముకకి ఆనించుకోవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఎవరూ చూడకుండా నా పిడిని పళ్లతో కరిచి పట్టుకునేవాడు. చప్పుడు దవడలోంచి కాస్తో కూస్తో లోపలికి పోతుందని ఆయన ఆశ. నా పిడి మీద ఇప్పటికీ నాలుగు పంటి గాట్లు ఉన్నాయి.

ఇంట్లో భార్య మస్తాన్‌బీకి తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఇంజిన్ శబ్దం పట్టి రోగం చెప్పే మేస్త్రికి చెవుడొచ్చిందంటే ఇక షెడ్డుకి ఎవరొస్తారు? అందుకని దాచాడు. దాచడానికి ఆయన చేసిన మొదటి పని స్టూలుని మూలకి నెట్టి, దాని మీద పాత బ్యాటరీలు పేర్చడం. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితే తనకి సగం మాటలు అందవు, దొరికిపోతాడు. దానికన్నా "అర్థమైందమ్మా, వదిలేసి వెళ్లండి" అనడం తేలిక. మనుషులు చెవుడుని దాచడానికి తలూపుతారని నాకు అప్పుడే తెలిసింది. అవతలివాళ్లు ఆ తలూపుడు చూసి, మేస్త్రికి ఎంత తొందరగా అర్థమైపోతుందో అని మురిసిపోయేవాళ్లు.

అలాంటి రోజుల్లో హైమవతిగారు వచ్చారు. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేసి రిటైరయిన మనిషి. భర్త ప్రాణంగా చూసుకున్న 1954 నాటి మోరిస్ మైనర్‌ని, ఆయన పోయాక అరవయ్యో ఏట డ్రైవింగ్ నేర్చుకుని తనే నడుపుతున్నారు. బ్రేక్ పెడల్ కిందకి పోతోందని తెచ్చారు. సుభానీ రబ్బర్లన్నీ మార్చాడు. చక్రంతో తిరిగే బ్రేక్ డ్రమ్ము చిల్లులోంచి నన్ను లోపలికి పంపి, దాన్ని లోపల్నించి నొక్కి ఆపే లైనర్లని చక్రం చక్రానికీ సర్దాడు. చివర పెడల్ దగ్గరికి వచ్చాడు.

ఇక్కడ మా ఊరి ఖాతాదార్ల అలవాటు ఒకటి చెప్పాలి. బండి తీసుకునేటప్పుడు, అది నిలబడి ఉండగానే పెడల్ తొక్కి చూస్తారు. పాదం తగలగానే పట్టిందా, మేస్త్రి గొప్పవాడు. ఒక్క రవ్వ ఖాళీగా దిగిందా, మొహం మాడ్చుకుంటారు. నిజానికి ఆ రవ్వంత ఖాళీ ఉండి తీరాలి. పెడల్ వదిలినప్పుడు బ్రేక్ ఆయిల్ వెనక్కి పోవడానికి, దాన్ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్‌లో సూదిమొనంత రంధ్రం ఉంటుంది. ఆ ఖాళీ ఉంటేనే అది తెరుచుకుంటుంది. ఈ సంగతి సుభానీకి తెలియక కాదు. ఏళ్ల తరబడి ఖాళీని తగ్గిస్తూ, తగ్గిస్తూ, మెప్పుకి అలవాటు పడిన చెయ్యి ఆ రోజు పెడల్ నట్టుని ఇంకో అర చుట్టు తిప్పింది. హైమవతిగారు తొక్కి చూసి, "అబ్బ, ఎంత బాగా పట్టిందో!" అన్నారు. ఆ మాట ఆయనకి వినబడింది.

పది రోజులకి ఆవిడ మళ్లీ వచ్చారు. "ఇంజిన్ లాగట్లేదండీ. మూలుగుతోంది" అన్నారు. ఇంకా ఏదో చెప్పబోతే సుభానీ తలూపి, బానెట్ ఎత్తి, నన్ను తీశాడు.

ఆ రోజు ఇంజిన్ ఎంత ఆరోగ్యంగా ఉందంటే, అలాంటి చప్పుడు మోసుకెళ్లడం నాకు పండగే. ఆవిడ వెళ్లాక సుభానీ పళ్లతో పట్టుకుని విన్నాడు. లోపం ఏదీ అందలేదు. మామూలు మేస్త్రి అయితే ఇంజిన్‌లో లోపం లేదు అనుకునేవాడు. సుభానీ మాత్రం, లోపం ఉంది, నా చెవికే అందట్లేదు అనుకున్నాడు. కార్బొరేటర్ విప్పి కడిగాడు, పాయింట్లు మార్చాడు. వారానికి బండి మళ్లీ వచ్చింది. ఈసారి హెడ్డు దించి వాల్వులు అరగదీసి కూర్చాడు. ఆటోనగర్ వీధుల్లో రెండు చుట్లు తిప్పి చూస్తే బాణంలా పోయింది. నాకు నోరుంటే ఆ రోజు అరిచేవాణ్ణి. ఇంజిన్ని కాదు, ఆ మనిషిని అడగరా నాయనా అని.

మూడోసారి ఒక శుక్రవారం పొద్దున్న వచ్చారు హైమవతిగారు. బండి దిగకుండానే మాట్లాడారు, అదీ కొంచెం గట్టిగానే.

"మేస్త్రిగారూ, ఎల్లుండి అమరావతిదాకా పాత కార్ల ర్యాలీ. ఈసారి కూడా దారిలో మొరాయిస్తే బండి ఇచ్చేస్తానని మా మరిదికి మాటిచ్చేశాను. దీన్ని ఆయన హోటల్ ముందు పూలకుండీల మధ్య నిలబెడతాడట. ఇంజిన్ కూడా తీసేయిస్తాడట, ఎలకలు చేరతాయని. మావారు ఒక్కరోజు కూడా దుమ్ము పట్టనివ్వలేదు దీన్ని."

సుభానీకి మాటలు ఎన్ని అందాయో తెలియదు గానీ, ఆవిడ మొహం చూశాడు. నన్ను తీసుకుని ఇంజిన్‌కి ఆనించాడు. చెవికి పెట్టాడు. చెవి వెనక పెట్టాడు. ఆవిడ ముందే పళ్లతో కరిచాడు. తర్వాత నన్ను బయటికి తీసి, అరచేతిలో అడ్డంగా పెట్టుకున్నాడు. ఆయన చేతి చెమటకి నా పిడి తడిసింది.

"అమ్మా, ఒక మాట చెప్తాను, కోప్పడమాకండి. నాకు ఇనపడదు. రెండేళ్లయింది. మీ ఇంజిన్ రెండుసార్లు ఇప్పింది రోగం తెలిసి కాదు, తెలీకే."

సుభానీ నా పిడిని ఆవిడ వైపు తిప్పి పట్టుకున్నాడు.

"మీరు ఇనండమ్మా. ఎక్కడ పెట్టాలో నేను చూపిస్తా. ఏం ఇనపడిందో నాకు గట్టిగా చెప్పండి."

ఆవిడ కారు దిగి, చీర కొంగు బొడ్లో దోపుకుని నన్ను అందుకున్నారు. ముప్పై ఏళ్లు చెవికి హెడ్‌ఫోను పెట్టుకున్న మనిషి కదా, నన్ను పట్టుకున్న తీరులోనే తెలిసిపోయింది. కళ్లు మూసుకున్నారు. ఎనిమిది ట్యాపెట్ల దగ్గరా, నాలుగు సిలిండర్ల దగ్గరా, డైనమో దగ్గరా తీరిగ్గా విన్నారు. నేను ఒళ్లంతా చెవి చేసుకుని పనిచేశాను.

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయండీ. లైన్లో గురగుర ఉంటే ఏ ఊరి దగ్గరుందో చెప్పేదాన్ని నేను. ఇందులో గురగుర లేదు" అన్నారు గట్టిగా.

సుభానీ ఇంజిన్ వైపు చూశాడు. "అయితే నేను మొదటిసారి ఇన్నదే నిజమా!" అని గొణుక్కున్నాడు. తర్వాత మూలకి వెళ్లి, బ్యాటరీలు ఒక్కొక్కటే కింద పెట్టి, స్టూలు తెచ్చి, గుడ్డతో తుడిచాడు. "కూర్చోండమ్మా. మొదట్నించి చెప్పండి. కాస్త నా మొహంలోకి చూసి చెప్పండి."

"గన్నవరం వైపు వెళ్తుంటే నిడమానూరు దాటాక మొదలవుతుంది."

"అంతకు ముందు?"

"ఏం ఉండదు."

"ఆపి, కాసేపు ఆగి బయల్దేరితే?"

"అదేనండీ విచిత్రం. టీ తాగి వచ్చేసరికి మామూలైపోతుంది. రెండుసార్లూ ఈ మాట మీకు చెప్పబోయాను. మీరు తలూపారు."

ఆ తలూపుడు మాట ఆయనకి సూటిగా తగిలింది. కారు తలుపు తీసి, "పదండి, గన్నవరం పోదాం. నేను చెప్పేదాకా ఆపొద్దు" అన్నాడు. నన్ను ఒళ్లో పెట్టుకుని పక్కసీట్లో కూర్చున్నాడు. నిడమానూరు దాటగానే బండి బరువెక్కింది. హైమవతిగారు యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంజిన్ పాపం ఏడుస్తోంది, బండి కదలనంటోంది. రోడ్డు పక్కకి తీయించి, గేరు తప్పించి దిగి, వెనక నుంచి తోశాడు. బొమ్మలా నిలబడింది. నీళ్ల సీసా మూత తీసి డ్రమ్ము మీద నాలుగు చుక్కలు వేశాడు. చుయ్‌మంటూ ఆవిరైపోయాయి. నాలుగు చక్రాలూ అంతే.

డ్రమ్ము వెనక ఆయిల్ బయటికి వదలడానికుండే చిన్న నిపుల్ వదులు చేశాడు. బ్రేక్ ఆయిల్ పిచికారీలా చిమ్మింది, చక్రం వదిలేసింది. అప్పుడు ఆయనకి అంతా అర్థమైంది. ఖాళీ లేని పెడల్ ఆ రంధ్రాన్ని మూసేసింది. వేడికి పొంగిన ఆయిల్ వెనక్కి పోయే దారిలేక లైనర్లని డ్రమ్ముకి నొక్కిపెట్టింది. ఇంజిన్ ఇన్నాళ్లూ బ్రేకులు పట్టిన బండిని ఈడ్చుకు తిరిగింది. టీ తాగేలోపు చల్లారేది, వదిలేసేది. షెడ్డుకి వచ్చేసరికి అసలు రోగమే ఉండేది కాదు.

సుభానీ రోడ్డు మీదే గొంతుక్కూర్చున్నాడు. "తప్పు ఇంజిన్‌ది కాదమ్మా. నా చేతిది. మీరు మెచ్చుకోవాలని పెడల్ పైకి లేపాను" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

హైమవతిగారు నీళ్ల సీసా అందుకుని మూత బిగించారు. "మెచ్చుకున్నాను కదండీ నేనూ. ఇప్పుడు ఎంత ఖాళీ ఉండాలో అంతే పెట్టండి. కిందకి పోయినా ఏమనను" అన్నారు.

ఆదివారం నేను షెడ్డులో మేకుకి వేలాడుతూ ఉన్నాను. సాయంత్రం కారు హారన్ మోగింది. అమరావతి వెళ్లి, ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చిందట. బానెట్ మీద బంతిపూల దండ. మరిదిగారు పూలకుండీలు మాత్రమే పెట్టుకోవాల్సి వచ్చింది. సుభానీ ముందు నాలుగు డ్రమ్ముల మీదా అరచెయ్యి పెట్టి చూశాడు. గోరువెచ్చగా ఉన్నాయి. తర్వాత నన్ను తీసుకుని, బానెట్ ఎత్తి, నా మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఎంత నిదానంగా నడుస్తందో చూడండమ్మా" అన్నాడు.

ఇంజిన్ ఆపేసి ఉంది. షెడ్డు ముందుకు రాగానే ఆవిడే ఆపారు. నా దగ్గర చేరవేయడానికి ఏమీ లేదు. నా జన్మలో అంత సిగ్గుపడిన క్షణం మరొకటి లేదు.

హైమవతిగారు కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి, తాళం తిప్పి స్టార్టర్ లాగారు. నా ఒళ్లంతా ఝుమ్మంది. ఆ వణుకు సుభానీ వేళ్లకి పాకింది. ఆయన కళ్లు తెరిచి, ముందు నన్ను, తర్వాత ఆవిణ్ణి చూశాడు. సంగతి తెలిసిపోయింది. నన్ను చెవి మీంచి తీసేసి, పిడిని ఆవిడ చేతిలో పెట్టాడు.

తర్వాత స్టూలు తెచ్చుకుని, తనే దాని మీద కూర్చున్నాడు.

"చెప్పండమ్మా" అన్నాడు, ఆవిడ మొహంలోకి చూస్తూ.