సైకాల్ ఇచ్చిన పీలిక

నారిన్ వైపు మా ఊళ్లలో పసిబిడ్డకు బొంత కుట్టాలంటే, నిండా బతికిన పెద్దల బట్టల్లోంచి పీలికలు అడిగి తేవాలి. వాళ్ల ఆయుష్షు బిడ్డకు వస్తుందట. నా కొడుకు కోసం మా అత్త తుర్సునై ఊరంతా తిరిగింది. పక్కింటి సైకాల్ గడప మాత్రం కావాలనే తొక్కలేదు.

సాయంత్రానికల్లా సైకాల్ ఊడిపడింది. టీ పొయ్యడం మాలో చిన్నవాళ్ల పని; నేనేమో బాలింతను, లేవకూడదు. ఆ ఇద్దరిలో చిన్నది గనక, రోజూలాగే సైకాలే పోసింది.

"నన్ను అడగలేదేం అక్కా?"

"నీకింకా డెబ్బై నిండలేదంటివి కదే! పడుచుపిల్లల గుడ్డలు దీనికి పనికిరావు," అంది అత్త, సూదిలో దారం ఎక్కిస్తూ.

సైకాల్ మూతి ముడుచుకుంది. ఉయ్యాల్లోకి ఒకసారి తొంగి చూసింది. ఉన్నట్టుండి కత్తెర లాక్కుని, తన పూలగౌను అంచు కత్తిరించి అత్త ఒళ్లో పడేసింది.

"కుట్టు. నాకు ఎనభై రెండు."

అత్త నోరు తెరిచింది. "నాకంటే పెద్దదానివా! మరి ఇన్నేళ్లూ అక్కా అక్కా అని నన్ను ముసలిదాన్ని చేశావటే?"

"చేశాను," అంటూ సైకాల్ తీరిగ్గా దిండుకి జారగిలబడి, ఖాళీ పియాలా ముందుకు చాపింది. "ఇంక లేచి టీ పొయ్యి, చెల్లీ."