దొంగ మసక

మా బృందానికి పెద్దయిన మాస్టారు, పత్రికకు పంపాల్సిన పరిశోధన వ్యాసం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "సాయంత్రంలోగా సంతకం పెట్టమ్మా. లేదంటే నీ పేరు తీసేసి పంపించేస్తా," అన్నారు. రెండేళ్ల నా చాకిరీ అది. నాకు ఒళ్లు మండిపోయింది.

గొడవంతా ఒక గ్రహం గురించి. ఎక్కడో ఒక నక్షత్రాన్ని అంటిపెట్టుకుని తిరిగే భారీ గ్రహం. అది నక్షత్రం చాటుకు వెళ్లినప్పుడు, దాని మీద పడి తిరిగొచ్చే వెలుగు మనకు అందక మొత్తం కాంతి కాస్త మసకబారాలి. లక్ష దీపాల్లో ఓ పది ఆరినంత. ఆ మసకను కొలిస్తే గ్రహం ఎంత వెలుగు తిప్పి పంపుతోందో తెలుస్తుంది. మాకు మసకే కనబడలేదు. కాబట్టి గ్రహం కారునలుపని మాస్టారి తీర్పు.

నా అనుమానమల్లా జల్లెడ మీద. నక్షత్రం తనంతట తానే మినుకుమంటుంది. ఆ మినుకులను ఏరిపారేయడానికి మాస్టారు రాసిన ప్రోగ్రాముకు మేం పెట్టుకున్న పేరే జల్లెడ. మినుకులతో పాటు మసకనూ ఏరేస్తోందేమో. అదే నిజమైతే ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టే. ఆ మాట ఎన్నిసార్లన్నా, ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"అది నలుపైతే నీకేం, తెలుపైతే నీకేం? సంబంధం గానీ చూస్తున్నావా?" అని పొద్దున వదిన కూడా ఆటపట్టించింది.

నవ్వొచ్చింది కానీ పట్టు సడల్లేదు. అసలు కొలతల్లో గ్రహం చాటుకెళ్లే చోట నా చేత్తో ఒక దొంగ మసక కలిపాను. జల్లెడ పట్టి, తెర మీద వచ్చిన కాంతి గీత చూడమని మాస్టారిని పిలిచాను.

"ఇందులో మసక ఎక్కడుందో చూపించండి."

"మసకేది? గీత తిన్నగా ఉందిగా."

"నేను కలిపానండి. మీ జల్లెడ మింగేసింది."

ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, "సరిచేద్దాం పద," అన్నారు. ఆ సాయంత్రం వ్యాసం వెళ్లలేదు.

వారం పట్టింది. కొత్త జల్లెడలో దొంగ మసక చెక్కుచెదరకుండా నిలిచింది. ఆ మసకను తీసేసి అసలు కొలతలు పోశాం. గీత మళ్లీ తిన్నగానే వచ్చింది. నా ప్రాణం ఉసూరుమంది. గ్రహం నిజంగానే నలుపు.

"నేనన్నదేగా," అన్నారు మాస్టారు, మెల్లగా.

"అప్పుడు అన్నారు. ఇప్పుడు చూశాం. దొంగ మసక సంగతి కూడా వ్యాసంలో రాయాలండి."

ఆయన వ్యాసం నా వైపు జరిపారు. "ముందు అదే రాయి."

రాశాను. దాని కింద సంతకం పెట్టాను.