లాజరు రంగు

కోయిలకుంట్లలో క్రాంతి కుమార్ ఫ్లెక్సీ దుకాణం పెట్టినప్పటి నుంచి ఊళ్లో నల్లవాడనేవాడు లేకుండా పోయాడు. ఫ్లెక్సీ మీదికి ఎక్కితే చాలు, ఎంతటి కారునలుపు మనిషైనా తెల్లగా తేలాల్సిందే. అడిగినవాళ్లనీ తెల్లబరిచేవాడు, అడగనివాళ్లనీ తెల్లబరిచేవాడు. ఇక అతను వాడే ఇంకు సంగతంటారా, చెప్పుకోకపోతేనే మర్యాద. క్యాను మీద పేరు కూడా సరిగా లేని సరుకు. మిషన్‌లోంచి వచ్చేటప్పుడు నిగనిగలాడుతుంది. మన ఎండ కాస్త గట్టిగా తగిలిందంటే మొదట ఎరుపు పోతుంది, దాని వెనకే పసుపు పోతుంది, నీలమూ నలుపూ మిగిలి మనుషులు పాము కరిచినవాళ్లలా కనిపిస్తారు. అయితేనేం? నాయకుడి పుట్టినరోజు అయిపోగానే ఆ ఫ్లెక్సీ ఎవరి ఎనుముల కొట్టానికో పైకప్పు అవుతుంది. దానికి మంచి ఇంకు దండగ కదా అని క్రాంతి వాదన. ఎదురుచెప్పినవాడు అంతవరకూ లేడు.

ఈస్టరు ముందటి శనివారం పొద్దున్నే విశ్వాసమ్మ వచ్చింది. క్రాంతి వెళ్లే చర్చికే వచ్చే మనిషి. ఆమె భర్త లాజరు నాపరాయి గనుల్లో బండలు తీసేవాడు, పోయిన వానాకాలంలో గుండె ఆగి చనిపోయాడు. అప్పటి నివాళి ఫ్లెక్సీ క్రాంతి కొట్టిందే. అందరిలా ఆమె దాన్ని వీధిలో కట్టి వదిలెయ్యలేదు. ఇనప చట్రానికి బిగించి సమాధి తలవైపు నిలబెట్టింది. పండగకని సమాధికి సున్నం కొట్టడానికి పోయి, ఇప్పుడు విప్పుకొచ్చి బల్ల మీద పరిచింది.

"ఏమప్పా క్రాంతీ, మా ఆయప్ప మొగం యాడికి పోయినాది?"

మీసం ఉంది, ముక్కు నీడ ఉంది, కళ్ల గుంటలున్నాయి. తక్కినదంతా నీలి మరక.

"ఎండ కదా పెద్దమ్మా. ఆ ఫోటో ఇయ్యి, ఇంకోటి కొట్టిస్తా."

"ఫోటో యాడుండాది? ఆధారు కార్డులో మొగమే తెలీదు, ఆయప్ప దిగిన ఫోటో మేమిద్దరం కలిసిందొక్కటే. నువ్వు ఇంత పెద్దగా చేసిచ్చినావు కదా, చిన్నది నాకేల అని పెట్టె మూసేముందు ఆయప్ప జేబులో పెట్టినా. తోడుగా నేనుంటానని."

 క్రాంతి కంప్యూటర్లో వెతికినట్టు చేశాడు గానీ, లేదని తెలుసు. నాయకులతో అది నిండిపోయినప్పుడల్లా పాతవన్నీ తుడిచేస్తాడు. అంటే లాజరు ముఖం భూమ్మీద ఈ మరకలో తప్ప ఇంకెక్కడా లేదు.

"రేపు తెల్లారి సమాధుల కాడికి జనమంతా కొవ్వొత్తులు పట్టుకొని వస్తారు. జనం సంగతి వదిలెయ్యప్పా. నాకే ఆయప్ప మొగం మతికి రాకుండా పోతాదేమోనని శానా భయమైతాండాది," అంది విశ్వాసమ్మ.

క్రాంతి ఆ పాత ఫ్లెక్సీని ఫోటో తీసి, పోయిన రంగులు ఒక్కొక్కటే తెర మీద పెట్టుకుంటూ వచ్చాడు. చెయ్యి అలవాటు కొద్దీ తెలుపు వైపే పోయింది.

"ఇంత తెల్లగా ఎప్పుడుండాడు? బండల్లో మాడిన మనిషి. అప్పుడు నువ్వు తెల్లగా చేస్తే ఊరకుంటిని, ఆ ఏడుపులో ఏమడుగుతాం? ఇప్పుడు నాకు నా మొగుడే కావాల."

నలుపు పెంచాడు. "ఇంగా," అంది. మళ్లీ పెంచాడు. "కొంచెం ఎరుపు రానీ. ఆయప్ప నలుపులో ఎరుపుంటాది."

ఇన్నేళ్లలో ఏ ముఖానికీ క్రాంతి ఇంతసేపు రంగు వెతకలేదు. సిగ్గేసింది. ఆ ఎరుపును తన పాత ఇంకుతో కొడితే మళ్లీ ఏడాది తిరక్కుండానే ఎగిరిపోతుంది. ఎండకు ఆగే మంచి ఇంకు అలమరలో ఉంది, ఎవరో డీలరు వాడి చూడమని ఒక్క ఫ్లెక్సీకి సరిపడా ఇచ్చిపోయినది. కానీ పాతదాని మీదే పోస్తే రెండూ కలిసి, పాలు విరిగినట్టు విరిగి, మిషన్ సన్న రంధ్రాలన్నీ మూసుకుపోతాయి. పాతదంతా పారబోసి గొట్టాలు కడగాలి. పూటంతా చాకిరీ.

కడుగుతుండగానే వంశీ ఊడిపడ్డాడు. నాయకుడి ఫ్లెక్సీలన్నీ క్రాంతి దగ్గరే కొట్టించేది అతనే.

"ఏమప్పా, మా అన్న ఫ్లెక్సీ యాడ? సాయంత్రానికి కట్టాల!"

"ఈపొద్దు కాదు. మిషను కడుగుతాండా."

"ఈ ముసలామె కోసమా? బాగుండాది నీ యాపారం! ఇంగ నీ గడప తొక్కితే ఒట్టు."

వంశీ బండి విసురుగా తిప్పుకుని పోయాడు. దుకాణం నడిచేదే ఆ గిరాకీతో.  అయినా క్రాంతి చేతిలో గొట్టం వదల్లేదు.

మధ్యాహ్నానికి మిషన్ సిద్ధమైంది. చివరిసారి బొమ్మ శుభ్రం చేస్తుంటే లాజరు భుజం పక్కన, అంచులో, ఏదో మరక కనబడింది. చెరపబోయాడు. విశ్వాసమ్మ గబుక్కున చెయ్యి పట్టుకుంది.

"దాన్ని తీయొద్దప్పా. అది నా భుజం."

ఆ జంట ఫోటోలోంచి ఆమెను కోసేసి లాజరును ఒక్కణ్ణే నిలబెట్టింది క్రాంతే. అప్పటి కోతలో ఆ వేలెడంత మిగిలిపోయింది.

"ఏం రంగు చీర పెద్దమ్మా అది?"

"చిలకపచ్చ. ఆయప్ప తెచ్చిందే," అని ఆమె అప్పుడు ఏడ్చింది.

ఆ పచ్చ కుదిరిందని ఆమె తల ఊపేదాకా కూర్చుని, తర్వాతే క్రాంతి మిషన్ నడిపాడు.