ఒక్కరు కూర్చునే కంప్యూటర్

కంప్యూటర్ డబ్బాకి కిటికీ దేనికట, లోపల ఫ్యాను తిరుగుతుంటే చూసి తరించడానికా, పైగా నీలం లైటొకటి, పెళ్లి పందిరికి కట్టినట్టు, ఈ వినోద్ అనేవాడు ఆ డబ్బాని అరచేత్తో నిమురుతూ ఇది గేమింగ్ క్యాబినెట్ మేడం, లుక్కే వేరు అంటున్నాడు, లుక్కట లుక్కు, ఆ లుక్కు ఎదురుగా పెట్టుకుని తను పెళ్లి కార్డులు కొట్టాలి, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు కొట్టాలి, పోయినవాళ్ల ఫొటో చుట్టూ నల్లగీత గియ్యాలి, నల్లగీతకి నీలం లైటు ఎందుకురా నాయనా, అనుకుంది జ్ఞానసుందరి, పైకి మాత్రం అక్కర్లేదు అని ఒక్క ముక్క అని మూతి తిప్పుకుంది, పక్క కుర్చీలో ప్రకాష్ ఆ డబ్బా వంకే చూస్తూ బాగున్నాదక్కా అని పళ్లికిలిస్తున్నాడు, వీడికి ఏది బాగోలేదు గనక, చిన్నాన్న కొడుకు కదా అని ఊరుకోవాలిగానీ, కోటబొమ్మాళి బజారులో జ్ఞానానందం చిన్నాన్న పెట్టిపోయిన డీటీపీ సెంటరుకి ఓనరై ఆరేళ్లయింది, ఇప్పటికీ మానిటర్నే కంప్యూటర్ అంటాడు, అసలు కంప్యూటర్ని డబ్బా అంటాడు, అటువంటివాడు శ్రీకాకుళం వచ్చి కంప్యూటర్ కొంటాడట, తను వెంట లేకపోతే ఆ నీలం లైటునే ఒళ్లో పెట్టుకుని బస్సెక్కేసేవాడు.

ఏ పర్పసుకి మేడం, టైపింగేనా, అన్నాడు ఈ వినోద్ వచ్చీ రాగానే, టైపింగేనా అట, ఆ చివర నా చూడు, ఎంత చులకన, పదిహేడేళ్లుగా తను చేస్తున్నది టైపింగే, కీబోర్డు వంక చూడకుండా ఒత్తు ఎక్కడ, వట్రసుడి ఎక్కడ అన్నది వేళ్లే వెతుక్కుంటాయి, ఇతగాణ్ణి కూర్చోబెట్టి ఏదీ నా పేరు కొట్టు బాబూ అంటే ఆ జ్ఞ దగ్గరే పొద్దుగూకిపోతుంది, మళ్లీ గొప్పకి ఫ్యూచర్ ప్రూఫ్ మేడం అంటాడు, ఐ ఫైవ్ వేసుకోండి, గ్రాఫిక్ కార్డు వేసుకోండి, తెర మీద రామచిలక బొమ్మ పెట్టి చూపిస్తాడు, ఎంత పచ్చగా ఉందో చూశారా అని, చిలక పచ్చగా ఉండక ఎలా ఉంటుంది, తనకి కావలసింది తెల్లకాగితం మీద నల్లక్షరం, అది మసక లేకుండా కనిపిస్తే చాలు, ఐ త్రీ రాయండి, అంది, గ్రాఫిక్ కార్డు కొట్టెయ్యండి, డబ్బాలో పవర్ సప్లయి మాత్రం ఆ డబ్బాతో వచ్చేది వద్దు, మంచిది వేరేగా వెయ్యండి, మా ఊరి కరెంటు మీకు తెలీదు, హార్డ్ డిస్కు ఐదొందల జీబీ చాలు, కీబోర్డు మీటలు గట్టివి ఉండాలి, మెత్తవి ఇస్తే తిరిగి మీ మొహానే కొడతాను, అనలేదు అంత మాట, మీటలు గట్టివి అని ఊరుకుంది, వినోద్ రాయడం ఆపి తలెత్తి చూశాడు, చూడాలి మరి, బయట రోడ్డు మీద అరసవల్లి అరసవల్లి అని ఆటోవాళ్లు అరుస్తున్నారు, ఆదివారం జనం, అందరికీ ఎక్కడికో తొందర.

ఒక్కటే మిగిలింది, మదర్‌బోర్డు, ఆ మాట ఎత్తకుండా అన్నీ చెప్పేసింది తను, ఎత్తకపోతే తప్పుతుందా, తుపాను వెళ్లిన మూడో రోజున కరెంటు తిరిగి వచ్చీ రాగానే రెండు కంప్యూటర్లకీ పొగ పెట్టేసింది, తనదానికీ, పక్క సీట్లో టైపు చేసే దుర్గదానికీ, ప్రకాష్ కొనేది ఒక్కటే, పొద్దున్న బస్సులోనే తేల్చి చెప్పాడు, అక్కా, కొత్త రకం కొన్నామనుకో, దాని మీద నువ్వూ కూకోవచ్చు, దుర్గా కూకోవచ్చు, పొద్దుట నువ్వు, మజ్జానం నుంచి అది, పాత రకం బోర్డు దొరికిందనుకో, దాని మీద నువ్వు తప్ప ఇంకెవులూ కూకోలేరు, అప్పుడు దుర్గని రావొద్దని సెప్పేద్దుము, ఏటంటావు, నాకేటి తెలుసు, నీ ఇష్టమే, అని కిటికీలోంచి వక్కపొడి ఉమ్మాడు, నీ ఇష్టమే అట, పాపం ఒకటి ఎవరో ఒకరి నెత్తిన పెట్టాలి, తన నెత్తయితే ఖాళీగా ఉంది, ఒళ్లు మండిపోయింది, అయినా కాదనలేదు, పాత రకమే చూద్దాంలే అంది, తన తెలుగు సాఫ్ట్‌వేర్‌కి తాళం ఒకటి ఉంటుంది, అగ్గిపెట్టె అంత, దాన్ని కంప్యూటర్ వెనక పాత ప్రింటర్ పోర్టులో బిగిస్తేగాని అక్షరం రాదు, ఆ పోర్టు ఇప్పుడొచ్చే బోర్డులకి లేదు, అది ఉన్న బోర్డు దొరికితే తన కుర్చీ తనకి, దుర్గ కొట్టే సాఫ్ట్‌వేర్ ఆ పాతదాని మీద నడవదు, దొరక్కపోతే ఇంగ్లీషులో అమ్మ అని కొడితే తెలుగులో అమ్మ అని వచ్చే ఆ దిక్కుమాలిన పద్ధతి ఈ వయసులో దుర్గ దగ్గర నేర్చుకోవాలి, దుర్గ దగ్గర, భావనపాడు దుర్గ దగ్గర.

ఏముంది దాంట్లో, ఆర్నెల్లు ఏదో ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుంది, మొగుడు గుజరాత్ బోట్ల మీద పనికి పోయి ఎనిమిదేసి నెలలు రాకపోతే ఇద్దరు పిల్లల్ని అత్తకి ఒప్పజెప్పి ఆటోలో వస్తుంది, క్యారేజీ మూత తీసిందంటే ఎండుచేపల వాసన సెంటరంతా, అదే తెచ్చి అక్కా కొంచెం ఎట్టమన్నావేటి అని అడుగుతుంది, వద్దంటే నవ్వుతుంది, అదొక నవ్వు, దేనికైనా నవ్వుతుంది, అన్నిటికన్నా ఒళ్లుమంట ఏమిటంటే దాని నోట్లో ఏది ఉంటే తెర మీద అదే పడుతుంది, చూడు అనదు, సూడు అంటుంది, అన్నది అన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంది, సూడు అనే పడుతుంది, పెళ్లికార్డులో వధువు సెల్లెలు, వరుడి పెదనాన్న సేనుగట్టు వాస్తవ్యులు, ఇవన్నీ దిద్దేది ఎవరు, తను, ఇన్నాళ్లూ తను లేకపోతే ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ నవ్వులపాలయ్యేవి, తనకంటే రెండింతలు వేగంగా కొడుతుంది అంటాడు ప్రకాష్, వేగం ఎవడిక్కావాలి, తప్పు వేగంగా కొడితే గొప్పా.

తప్పు, ఆ మాటొస్తే ఎజ్రా పాస్టర్ గారి సంఘం వాళ్ల పుస్తకం గుర్తుకొస్తుంది, రాకూడదు, వస్తుంది, సువార్త కూటాలకని నాలుగు పేజీల పుస్తకం, ఐదొందల కాపీలు, మొదటి పేజీలో రాబోయే పాస్టర్ల పేర్లు, చివరి పేజీలో పడవ మునిగి బతికి బయటపడ్డ విశ్వాసి ఒకతని సాక్ష్యం, అది అతను చెబుతుంటే దుర్గే కొట్టింది, అతనూ ఆ సముద్రం వాడే, ఇంకేం, సేపలకి ఎల్లినాను, సేతులెత్తి పార్దన సేసినాను, గట్టుకి సేరినాను, పేజీ నిండా సేలే, ఒక్కొక్కటీ దిద్దే ఓపిక ఎవరికి, బస్సు టైము దగ్గరపడింది, వెతుకు అన్నచోట సే కొట్టి, మార్చు అన్నచోట చే కొట్టి, అన్నీ ఒకేసారి అన్నది నొక్కింది తను, అసహ్యంతో నొక్కింది, పురుగుల్ని చీపురుతో ఊడ్చినట్టు, చేపలు, చేతులు, చేసినాను, చేరినాను, అంతా చక్కగా కుదిరింది, మొదటి పేజీకి మళ్లీ వెళ్లి చూడలేదు, ఎందుకు చూడాలి, అది తను కొట్టిన పేజీ, తన పేజీలో తప్పుండదు, కూటాల్లో పాస్టర్ గారు మైకు ముందు పుస్తకం విప్పి దైవచేవకులు అని చదివి ఆగిపోయారు, చేవ ఉన్నవాళ్లేలే అన్నారు నవ్వుతూ, పందిరంతా నవ్వింది, పదకొండుచోట్ల ఉంది, చేవకులు, చేవ, దేవుని చేవలో, మర్నాడు ప్రకాష్ సెంటర్లోకి వస్తూనే ఇదెవులి పని అని అరిచాడు, మళ్లీ వాడే, స కీ చ కీ తేడా తెలీని మొకం ఇంకెవులిది, అని దుర్గ వైపు తిరిగాడు, జ్ఞానసుందరి ఆ పూట ఎవరిదో బారసాల కార్డుకి మార్జిన్లు సరిచూసుకుంటోంది, సరిచూసుకుంటూనే ఉంది, తలెత్తలేదు, దుర్గ లేచి నిలబడింది, నానే కొట్టీసుంటాను బాబూ, సూడనేదు, తప్పైపోనాది, అంది, నవ్వలేదు, మధ్యాహ్నం నోటు పుస్తకం ఒకటి తెచ్చి తన ముందు పెట్టింది, అక్కా, స ఎక్కడొస్తాదో చ ఎక్కడొస్తాదో కూసింత రాసియ్యవా, నేర్సుకుంటాను, అని, తను రాసిచ్చింది కూడాను, రెండు పేజీలు, సిగ్గులేని చేతులతో.

మిషన్ హాస్టల్లో ఇలాగే రాయించారు తనచేత, ఎనిమిదేళ్లప్పుడు, చేప చెరువు చెట్టు చీర, నల్లబల్ల ముందు నిలబడి వందసార్లు అనాలి, ఒక్క స దొర్లితే మళ్లీ మొదటినుంచి, వెనక పిల్లలు మూతులు మూసుకుని నవ్వేవాళ్లు, అమ్మ చూడ్డానికి వచ్చినప్పుడు గుమ్మంలోంచే సుందరీ, సెరుకు ముక్కలు తెచ్చినానే అని కేకేసింది, ఆ కేకకి తను సగం చచ్చిపోయింది, ఇంకెప్పుడూ ఇక్కడ గట్టిగా మాట్లాడకు అంది అమ్మతో, అమ్మ ఆ తర్వాత వచ్చినప్పుడల్లా చేత్తో సైగచేసి పిలిచేది, ఛీ, ఇప్పుడెందుకివన్నీ, పిల్లప్పటి సంగతులు.

మేడం, గోడౌన్లో ఒక్కటి దొరికినాది, అంటున్నాడు వినోద్, ఆ పోర్టున్న బోర్డుందా అని తను అడగ్గానే లోపలికి పోయినవాడు, చేతిలో దుమ్ముపట్టిన అట్టపెట్టె, పాత స్టాకు, వెనక పాత ప్రింటర్ పోర్టు ఉన్నాది, కానీ దీనికి పాత విండోసే వెయ్యాలి, నాలుగు జీబీ ర్యామ్ వేసినా మూడు సిల్లరే సూస్తాది, పాడైతే మళ్లీ దొరకదు, ఆలోసించుకోండి, గంటనుంచీ నాగరికంగా మాట్లాడినవాడు అసలు విషయం దగ్గరికి వచ్చేసరికి ఊరి మాటలోకి దిగాడు, దిగినా కొంప మునగలేదు, చెప్పింది చక్కగా అర్థమైంది, మరింకేటక్కా, నీ సీటు నీకు దొరికీసినాది, అని ప్రకాష్ లేచాడు, జేబులోంచి ఫోను తీశాడు, దుర్గకి ఇప్పుడే సెప్పేస్తాను, రేపు ఆటోకెక్కి ఊరికే వస్తాది పాపం, అని నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు, రింగవుతోంది, తనకి కూడా వినిపిస్తోంది, దుర్గ ఎత్తుతుంది, సరే బాబూ అంటుంది, ఆ మనిషి ఏదైనా అలాగే ఒప్పేసుకుంటుంది, దైవచేవకులు తనే కొట్టానని నిజంగా నమ్ముతోంది ఇప్పటికీ, నోటు పుస్తకం తీసి రాత్రిళ్లు చదువుకుంటుంది కాబోలు, పిచ్చిది, దాని చేతిలో చ అన్నది ఎన్నిసార్లయినా స అవుతుందిగానీ స ఎక్కడైనా చ అయ్యిందా, సేవని చేవ అని కొట్టడం దుర్గ తరమా, సేవ దాని నోటికి పుట్టుకతో వచ్చిన మాట, ఉన్న స ని ఉన్నట్టుగానే కొడుతుంది, ఈ సంగతి ప్రకాష్‌కి తెలీదు, పాస్టర్ గారికి తట్టలేదు, దుర్గకే తట్టలేదు, హలో దుర్గా, నాను ప్రకాష్‌ని, అంటున్నాడు వీడు, ఒరే ప్రకాషూ, ఆగు, ఫోను కట్టీ, ఆ పుస్తకంలో తప్పు దుర్గ సెయ్యనేదు, నానే సేసినాను, ఈ బోర్డొద్దు, ఇద్దరం కూకునేదే కొను, అంది, ఎంత గట్టిగా అందంటే కొట్లో ఉన్న నలుగురూ తిరిగి చూశారు, వినోద్ అట్టపెట్టె కిందికి దించాడు, ప్రకాష్ ఫోను చెవి దగ్గర్నుంచి తీసి ఏటక్కా నువ్వంటన్నది అని అడుగుతుండగానే తనకి తెలిసిపోయింది, ఆ తప్పు చెయ్యాలంటే స అన్న అక్షరమంటే సిగ్గుండాలి, ఆ సెంటర్లో ఆ సిగ్గున్న మనిషి మొదట్నించీ తనొక్కతే.